వేపాకు ఏ రంగు?



గత మార్చిలో రెండో తరగతి ఈవీఎస్ యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాను. నలభై పేపర్లు. మర్నాడు ఉదయానికల్లా మార్కులు యాప్‌లో ఎక్కించాలి. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో ఒకటి, వేపాకు ఏ రంగులో ఉంటుందని. అందరూ ‘గ్రీన్’ అని రాశారు. ఒక్క బాబు మాత్రం ‘రెడ్’ అని రాశాడు. నేను క్షణం కూడా ఆగలేదు. ఇంటూ పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను.

పేపర్లు ఇచ్చిన రోజు వాడు నా టేబుల్ దగ్గరికొచ్చి, "మిస్, ఒకసారి కిందికొచ్చి చూస్తారా?" అన్నాడు. "ఇప్పుడు కాదు నాన్నా, వెళ్ళి కూర్చో" అన్నాను. ఆ శనివారం పేరెంట్స్ మీటింగుకి వాళ్ళమ్మగారు వచ్చారు. "చూశారా మేడం, వేపాకు రంగు కూడా తెలీదు వీడికి. పొద్దస్తమానం ఫోనే" అన్నారు. నేను తలూపాను. వాడు తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

సోమవారం సాయంత్రం నాకు బస్ డ్యూటీ. నేను పనిచేసే బ్రాంచిలో బస్సులు ఆగే చోట, ప్రహరీ గోడ పక్కన ఒక వేపచెట్టు ఉంది. ఒక బస్సు ఆలస్యమైంది. ఊరికే నిలబడి తలెత్తి చూశాను. కొమ్మల చివర్లన్నీ చిగుళ్ళే. కొన్ని రాగి రంగు, కొన్ని ముదురు ఎరుపు, నీడ పడ్డ చోట వంకాయ రంగు. వాడు రోజూ బస్సెక్కేది ఆ చెట్టు కిందే.

ఫాల్గుణంలో వేప చిగురు ఎర్రగా ఉంటుందని నాకు తెలియక కాదు. చిన్నప్పుడు ప్రతి ఉగాదికీ వేపపువ్వు కోసం చెట్టెక్కిన దాన్నే. లేత ఆకులో పచ్చదనాన్నిచ్చే క్లోరోఫిల్ ఇంకా పూర్తిగా తయారవదు, ఆంథోసయనిన్ అనే ఎర్రటి పదార్థం ఉంటుంది, ఎండ తీవ్రతకు లేత ఆకు దెబ్బతినకుండా అది కాపాడుతుంది అని డిగ్రీలో చదివాను కూడా. మామిడి చిగురు, రావి చిగురు ఎర్రగా ఉండేదీ అందుకే. ఇంత తెలిసి కూడా, ఎర్ర పెన్ను చేతిలోకి రాగానే నాకు ఆన్సర్ కీ తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

మర్నాడు క్లాసులో అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. మార్కు కలిపాను. వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి చెప్పాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత వార్షిక పరీక్షల రివిజన్‌లో అదే ప్రశ్న వచ్చింది. వాణ్ణే అడిగాను. కిటికీలోంచి చెట్టు కనిపిస్తోంది, ఇంకా ఎర్రగానే ఉంది. వాడు కిటికీ వైపు చూడలేదు. నా ముఖంలోకి చూసి, "గ్రీన్, మిస్" అన్నాడు.

ఈ సంగతి మీకు ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఏడాది మూడో తరగతి ఈవీఎస్ నోట్‌బుక్‌లు పల్చగా ఎందుకున్నాయని మీలో చాలామంది అడిగారు. "పక్క స్కూల్లో మా అక్కయ్య వాళ్ళమ్మాయికి డెబ్భై పేజీలయ్యాయి, మావాడికి ఇరవై కూడా లేవు" అన్నారు ఒకరు. "మట్టి మరకలు పోవట్లేదు మేడం" అన్నారు ఇంకొకరు. "ఇంత ఫీజు కట్టేది చెట్టు కింద కూర్చోబెట్టడానికా?" అని ఒక నాన్నగారు కాస్త గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్న. జవాబు పేరెంట్స్ మీటింగులో ఒక్కొక్కరికి దొరికే ఐదు నిమిషాల్లో చెప్పలేకపోయాను.

మన బ్రోషర్లలో హోలిస్టిక్ లెర్నింగ్ అనే మాట ఉంటుంది. అన్ని స్కూళ్ళ బ్రోషర్లలోనూ ఉంటుంది. నిజం చెప్పాలంటే బీఈడీలో నేను దాని మీద రెండు పేజీల వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం మొదలుపెట్టాడని, ఆయన పుస్తకం పేరు ‘దివాస్వప్న’ అని బట్టీ పట్టాను. పుస్తకం మాత్రం చదవలేదు! ఆకు రంగు గొడవ తర్వాత, వేసవి సెలవుల్లో మొదటిసారి చదివాను. అందులో ఒక మాస్టారు నాలుగో తరగతిని ఏడాది పాటు తన పద్ధతిలో నడుపుతానని అనుమతి తీసుకుంటాడు. ఎంతో ఆలోచించి, పెద్ద ప్రణాళికతో మొదటి రోజు క్లాసుకి వెళ్తాడు. పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టే ఆట ఆడిద్దామనుకుంటాడు. పిల్లలు అల్లరితో హోరెత్తిస్తారు. ఆ రోజుకి బడి వదిలేసి ఇంటికి పోవడం తప్ప ఆయనకు ఇంకో దారి కనబడదు.

అది చదివాక నాకు ధైర్యం వచ్చింది. ఎందుకో జూన్‌లో తెలిసింది.

ఈ ఏడాది నాకు మూడో తరగతి ఇచ్చారు. దాదాపు అదే పిల్లలు. ప్రిన్సిపాల్ మేడం దగ్గర వారానికి ఒక్క పీరియడ్ అడిగాను. శుక్రవారం రెండో పీరియడ్, వేపచెట్టు కింద. రిషి వ్యాలీ లాంటి చోట బడి చుట్టూ కొండలూ పక్షులే. మనకున్నది ఒక చెట్టు, దాని చుట్టూ నాపరాళ్ళు, రెండు వైపులా బస్సులు. ఉన్నదాంతోనే మొదలుపెట్టాం. మొదటి శుక్రవారం నలభై మందినీ కిందికి తీసుకెళ్ళాను. పది నిమిషాల్లో ఇద్దరు వేపపళ్ళతో ఒకరినొకరు కొట్టుకున్నారు, ఒక పాపను చీమ కుట్టింది, నలుగురు వాటర్ ట్యాంకు వైపు పారిపోయారు. ఎవరి పుస్తకంలోనూ ఒక్క అక్షరం లేదు. పైనుంచి ఇద్దరు టీచర్లు చూస్తున్నారు. గిజుభాయి మాస్టారు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

రెండో వారం నుంచి పద్ధతి మార్చాను. ఇరవై మంది చొప్పున రెండు గుంపులు. ఒక గుంపు చెట్టు దగ్గర, రెండోది లైబ్రరీలో. ప్రతి ఒక్కరికీ గీతల్లేని చిన్న పుస్తకం. అందులో ప్రతి వారం మూడే రాయాలి: ఏం చూశావు, ఏం లెక్కపెట్టావు, ఏం అర్థం కాలేదు. క్లాసు గోడ మీద ఒక పెద్ద చార్టు. చిగుళ్ళు, ముదురు ఆకులు, పండుటాకులు, మొగ్గలు, పూలు, కాయలు, పళ్ళు, వీటిలో ఒక్కోదాని ఎదురుగా ‘లేవు, కొన్ని, చాలా’ అనే మూడు మాటల్లో ఒకటి రాయాలి. ఈ మూడు మాటల పద్ధతి నాది కాదు. సీజన్‌వాచ్ అని మన దేశంలో ఒక కార్యక్రమం నడుస్తోంది. బడిపిల్లలు, మామూలు మనుషులు తమకు నచ్చిన ఒక చెట్టును ఎంచుకుని, వారం వారం దాని ఆకులూ పూలూ కాయలూ ఎలా ఉన్నాయో రాసి పంపుతారు. రుతువులు మారే తీరును శాస్త్రజ్ఞులు ఆ వివరాల నుంచి అధ్యయనం చేస్తారు. ఎనిమిదేళ్ళ పిల్ల చూసి రాసింది నిజమైన శాస్త్రానికి పనికొస్తుందని తెలిస్తే, పిల్లలు రాసే తీరే మారిపోతుంది. ‘కొన్ని’ రాయాలా ‘చాలా’ రాయాలా అని మా క్లాసులో జరిగిన వాదనలు మీరు విని తీరాల్సినవి.

జూన్, జూలైల్లో చెట్టు కింద పసుపు రంగు వేపపళ్ళు. గోరువంకలు వచ్చి తినడం చూశారు. కొందరు తామూ నాకి చూసి, పైన తియ్యన, లోపల చేదు అని రాశారు. వానలు పడ్డాక గోడ వారగా మొలకలొచ్చాయి. మొలకకు మొదట వచ్చిన ఆకులు పెద్ద చెట్టు ఆకుల్లా లేవు. "ఇది వేప కాదు మిస్" అని సగం మంది, "వేపే, కింద గింజ ఇంకా ఉంది చూడు" అని సగం మంది. నేను తీర్పు చెప్పలేదు. చెప్పాలని నాలుక ఎంత దురద పెట్టిందో! మూడు వారాల తర్వాత మొలకే చెప్పింది.

ఇక్కడ భాష గురించి ఒక మాట. మనది ఇంగ్లిష్ మీడియం. క్యాంపస్‌లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలన్న నియమం ఉంది, అది నేర్పమనే మీరు పంపుతున్నారు. కానీ చెట్టు కింద మొదటి రెండు వారాలూ ఇంగ్లిష్‌లోనే చెప్పమంటే, పిల్లలు చెప్పింది ఒకే వాక్యం. ‘ద ట్రీ ఈజ్ గ్రీన్’. ఎందుకంటే వాళ్ళ దగ్గర ఆ మాటలే ఉన్నాయి. మూడో వారం ఏ భాషలోనైనా చెప్పండి అన్నాను. ఒక పాప వాళ్ళ నానమ్మ మాటల్లో చిగురు, లేతాకు, ముదురాకు, పండుటాకు, ఎండుటాకు అని గడగడా చెప్పేసింది. ఒకే ఆకుకు వయసును బట్టి ఇన్ని పేర్లు! ఇంకో బాబు, "మిస్, పచ్చ అంటే గ్రీనా, ఎల్లోనా? మా అమ్మ పసుపుపచ్చ అంటుంది, ఆకుపచ్చ కూడా అంటుంది" అని అడిగాడు. ఆ రోజు పీరియడ్ అంతా దానితోనే అయిపోయింది. తర్వాత వాటికి ఇంగ్లిష్ మాటలు కావాలని వాళ్ళే అడిగారు. టెండర్, మెచ్యూర్, విదర్డ్, కాపరీ. వర్క్‌షీట్‌లో ఇస్తే మర్నాటికి మర్చిపోయే మాటలు ఇవి. అవసరపడి అడిగి తీసుకున్నారు కాబట్టి ఇప్పుడు వాళ్ళ వాక్యాల్లో కనిపిస్తున్నాయి. మీ పిల్లల ఇంగ్లిష్ గురించే మీకు దిగులుంటే, ముందు వాళ్ళకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండనివ్వండి. ఆ చెప్పేది మొదట తెలుగులోనో, ఉర్దూలోనో, హిందీలోనో వచ్చినా ఫరవాలేదు.

బొమ్మల సంగతీ అంతే. ఆకు గీయమంటే పిల్లలంతా ఒకే ఆకు గీస్తారు, గమనించారా? మధ్యలో ఒక గీత, అటు నాలుగు ఇటు నాలుగు ఈనెలు, కింద తొడిమ. ఏ చెట్టుకూ చెందని ఆకు అది. మనమూ చిన్నప్పుడు అదే గీశాం. ఈసారి వేపరెమ్మ చేతికిచ్చి, చూసి గీయమన్నాను. పావుగంట నిశ్శబ్దం. ఆకు అంచు రంపంలా ఉందన్నారు. ఆకు మొదట్లో రెండు వైపులూ సమానంగా లేవు, ఒక సగం కిందికి, ఒక సగం పైకి ఉందని ఒక బాబు అన్నాడు. పక్కవాడు నీ బొమ్మే వంకర అన్నాడు. ఇద్దరూ పది ఆకులు ఏరుకొచ్చి పక్కపక్కన పెట్టి చూశారు. పదీ అలాగే ఉన్నాయి. వేపాకు లక్షణమే అది. ఇక ఒక్కో రెమ్మకు ఎన్ని ఆకులో జతలుగా లెక్కపెట్టి, చివర ఒంటి ఆకు ఉందా లేదా చూసి, క్లాసంతటి లెక్కలూ కలిపి బార్ గ్రాఫ్ గీశారు. సరి సంఖ్య, బేసి సంఖ్య పాఠం నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆగస్టు. హైదరాబాద్‌లో ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ దాని కాలి కిందే ఉండిపోతుంది. మొదటిసారి మే రెండో వారంలో, అప్పుడు సెలవులు. రెండోసారి ఆగస్టు మొదటి వారంలో. విజయవాడలో చదివే పిల్లలకు ఇది మరో మూడు నాలుగు రోజుల తర్వాత వస్తుంది, ఎందుకంటే సూర్యుడు అప్పటికి దక్షిణానికి జరుగుతూ ఉంటాడు. మేం జెండా కర్ర నీడను జూలై చివర్నుంచే ప్రతి పీరియడ్‌కీ సుద్దముక్కతో గుర్తు పెట్టాం. పిల్లలకు మొదట వచ్చిన అనుమానం ఏంటంటే, వాచీలో పన్నెండు కొట్టాక కూడా నీడ ఇంకా చిన్నదవుతూనే ఉంది. పన్నెండుంపావు దాటాకే మళ్ళీ పెరగడం మొదలైంది. మిట్టమధ్యాహ్నం అంటే పన్నెండని కదా మనం చెప్పేది!

మూడో తరగతికి అంతా వివరించలేదు. మీ పిల్లలు ఇంట్లో అడిగి ఉంటే చెప్పడానికి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ గీత మన తెలుగు నేల మీద కాకినాడకు దగ్గరగా వెళ్తుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమట ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు చొప్పున సూర్యుడు మన నెత్తి మీదికి పదహారు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. భూమి నడక వల్ల ఆగస్టులో ఇంకో ఆరు నిమిషాలు కలుస్తాయి. "అయితే మనం కాకినాడ టైమ్ వాడుతున్నామా మిస్?" అని ఒకడు. నిజానికి, దాదాపుగా అంతే. నీడ మాయమయ్యే రోజు మబ్బు పట్టింది. నలభై మందీ తలలెత్తి మబ్బును తిట్టుకుంటూ నిలబడ్డారు. ఒకే ఒక్క నిమిషం ఎండ వచ్చింది. చాలు, చూశారు. ఆ కేకలకి ఆఫీసు రూములోంచి క్లర్క్ గారు పరుగెత్తుకొచ్చారు, ఎవరైనా పడ్డారేమోనని.

ఇదంతా చదివి అన్నీ సాఫీగా సాగాయని అనుకోవద్దు. సాగలేదు. ముఖ్యంగా ఒక పాప విషయం చెప్పాలి.

ఎప్పుడూ మొదటి ర్యాంకు. దస్తూరీ ముత్యాలే. మొదటి నెలంతా తను చెట్టు కింద తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చునేది. ఏమీ రాసేది కాదు. "ఏం రాయాలో చెప్పండి మిస్" అనేది. "నీకేం కనిపిస్తే అది" అంటే కళ్ళలో నీళ్ళు. "తప్పయితే?" అని అడిగింది ఒకరోజు. ఎనిమిదేళ్ళ పిల్ల, తన కళ్ళతో చూసింది తప్పవుతుందేమో అని భయపడుతోంది. అది తన లోపం కాదు. నాలాంటి వాళ్ళం ఎల్‌కేజీ నుంచి కష్టపడి నేర్పిందే. తన పక్కన కూర్చుని నేనూ ఒక కాగితం తీసుకున్నాను. నేను గీసిన ఉడత బొమ్మ చూసి తను నవ్వింది, "తోక అలా ఉండదు మిస్" అంది. "మరెలా ఉంటుంది?" అన్నాను. గీసి చూపించింది. ఆ రోజు ఒక్క తోకే గీసింది. ఇప్పుడు తన పుస్తకంలో ‘ఏం అర్థం కాలేదు’ అన్న చోట అందరికంటే ఎక్కువ ప్రశ్నలున్నాయి. ఫస్ట్ టర్మ్‌లో తన ఈవీఎస్ మార్కులు మాత్రం తగ్గాయి. చూసి రాయాల్సిన ప్రశ్నలు పది మార్కులకు ఇచ్చాం, వాటిలో పోయాయి. వాళ్ళ నాన్నగారు బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ పది మార్కుల ప్రశ్నలు తీసేయడానికి నాకు మనసొప్పలేదు.

ఎల్‌కేజీ అన్నాను కదా, అందులో కేజీ అంటే కిండర్‌గార్టెన్. జర్మన్ భాషలో పిల్లల తోట అని. 1840లో ఫ్రోబెల్ అనే ఆయన తన బడికి ఆ పేరు పెట్టాడు. ఆయన బడిలో నిజంగానే తోట ఉండేది, పిల్లలకు తలా ఒక చిన్న మడి. మనం ఆ పేరులోని రెండు అక్షరాలు ఉంచుకుని తోటను వదిలేశాం. ఈ మాటలు కొత్తగా ఎవరో విదేశాల నుంచి తెచ్చిన ఫ్యాషన్ కూడా కాదు. జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఆటలు, పనులు, అన్వేషణ ద్వారానే చదువు సాగాలంటోంది. 2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పుస్తకం ‘అవర్ వండ్రస్ వరల్డ్’ ఒకసారి తిరగేయండి. చాలా పేజీల్లో అడుగుతున్నది చుట్టూ చూడమనీ, మాట్లాడమనీ, గీయమనీ.

అలాగని ఎక్కాలు చెట్టు మీద కాయవు. పదమూడో ఎక్కం నోటికి రావాలంటే నోటితో చెప్పాల్సిందే, స్పెల్లింగు రాయాల్సిందే. ఆ పని మానలేదు, మిగతా నాలుగు రోజులూ అదే నడుస్తోంది. ‘అంతా ఆటపాటలే, పుస్తకాలే లేవు’ అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. వారానికి ఒక పీరియడ్ అడిగాను, అంతే. అది పోతే మిగతా పీరియడ్లలో నేర్పిన మాటలకు, లెక్కలకు తగులుకోవడానికి కొక్కెం ఉండదు.

ఇక మీ వైపు నుంచి. ముందుగా ప్రాజెక్ట్ వర్క్. థర్మోకోల్ సౌరకుటుంబాలు, స్టేషనరీ షాపులో కొన్న రెడీమేడ్ చార్టులు, రాత్రి పదకొండింటికి అమ్మలు అంటించిన అగ్నిపర్వతాలు మాకు తెలుసు. అడిగింది మేమే కాబట్టి తప్పు మాదే. ఈ టర్మ్ నుంచి మూడో తరగతికి అలాంటివి అడగడం లేదు. దాని బదులు ఒక కుండీ, లేదా పగిలిన బకెట్టు, గుప్పెడు ధనియాలు. ధనియాన్ని అలాగే కాకుండా, రెండు బద్దలయ్యేలా నలిపి వేయాలి, మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసే ఉంటుంది. మెంతులు రెండు మూడు రోజుల్లో మొలుస్తాయి, ధనియాలు వారం పది రోజులు తీసుకుంటాయి. ఆ వారం పది రోజుల ఎదురుచూపే అసలు హోంవర్క్. మొలవకపోతే రహస్యంగా కొత్తవి వేయకండి, దయచేసి! పోయిన నెల ఒక ఇంట్లో రాత్రికి రాత్రే నాలుగంగుళాల కొత్తిమీర మొలిచింది. పాప మర్నాడు క్లాసులో నిజం చెప్పేసింది. మొలవలేదని, ఎందుకో అనుమానమని రాసిన పిల్లలకు ఆ వారం నేను ఎక్కువ మార్కులిచ్చాను.

అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ కూడా లేదని ఒకరిద్దరు అన్నారు. కిటికీలోంచి కనిపించే ఒక కొమ్మ చాలు. ఏ చెట్టూ లేకపోతే గోడ మీద చీమల బారు, ఏసీ పెట్టె వెనక పావురం గూడు. సాయంత్రం స్కూలు నుంచి రాగానే ‘ఇవాళ ఏం రాయించారు?’ అనే ప్రశ్న మనందరికీ అలవాటు. వారానికి ఒక్క రోజు, శుక్రవారం మాత్రం ‘ఏం చూశావు?’ అని అడగండి. చెప్పింది మీకు తప్పుగా అనిపిస్తే వెంటనే దిద్దకండి. ‘ఎక్కడ చూశావు, నాకూ చూపించు’ అనండి. నేను మార్చిలో అనాల్సిన మాట అదే.

మీ భయాల గురించి కూడా. ఎండ ముదిరే కాలం కాబట్టి ఫిబ్రవరి నుంచి చెట్టు పీరియడ్‌ను ఉదయం మొదటి పీరియడ్‌కు మార్చాం. టోపీ, నీళ్ళ సీసా పంపండి. తిరిగి క్లాసుకి వెళ్ళే ముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కుంటారు. ఎలర్జీలు, ఆస్తమా ఉన్న పిల్లల పేర్లు డైరీలో రాసి పంపితే నేను దృష్టిలో పెట్టుకుంటాను. మరకల విషయంలో మాత్రం హామీ ఇవ్వలేను. శుక్రవారం పాత యూనిఫామ్ వేసి పంపవచ్చని ప్రిన్సిపాల్ మేడం ఒప్పుకున్నారు.

ఆ బాబు సంగతి చెప్పలేదు కదూ. వాడు ఇప్పుడు కూడా నా క్లాసులోనే ఉన్నాడు. పుస్తకం బాగానే నింపుతున్నాడు. కానీ నవంబర్ యూనిట్ టెస్టులో పేపరు చేతికివ్వగానే చెయ్యెత్తి అడిగాడు: "మిస్, చూసింది రాయాలా, బుక్‌లో ఉన్నది రాయాలా?" ఆ ప్రశ్న వాడి బుర్రలో పెట్టింది నేను, ఒక్క ఇంటూతో. దాన్ని తీయడానికి ఎన్ని శుక్రవారాలు పడతాయో చూడాలి.

ఇప్పుడు మన వేపచెట్టుకు ఆకులు పండి రాలుతున్నాయి. చార్టులో పండుటాకుల ఎదురుగా ‘చాలా’ అని వచ్చింది. వచ్చే నెల రెండో శనివారం పేరెంట్స్ మీటింగు నాటికి చిగుళ్ళు వచ్చేస్తాయని పిల్లలు అంచనా వేశారు, రానే రావని ఆరుగురు పందెం కాశారు. వీలైతే ఆ రోజు మీకిచ్చిన టైమ్ కంటే పావుగంట ముందు రండి. మార్కుల షీటు పైన క్లాసులో ఇస్తాను. అంతకుముందు కింద బస్సుల దగ్గర మీ అమ్మాయో అబ్బాయో తన పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటారు. చెట్టును మీకు వాళ్ళే చూపిస్తారు. కుర్చీలు వేయించడం లేదు, కాస్త నిలబడాల్సి ఉంటుంది. చీమలు ఉన్నాయి, బూట్లు వేసుకుని రండి.